బంపరు వెనక గొట్టం

మే 3

అన్నయ్యకి,

రాళ్ళ లారీ డ్రైవరు రేపు మీ క్రషరుకి వస్తున్నాడట. ఈ ఉత్తరం అతని జేబులో పెట్టి పంపుతున్నాను. ఫోను చేద్దామంటే నీకు వినపడదు, మెసేజి పెడదామంటే ఆ కొండల్లో సిగ్నలు లేదు. మన తాతలు కూడా ఇన్ని ఉత్తరాలు రాసుకుని ఉండరు.

చెవులెలా ఉన్నాయి? కుడిచెవిలో హోరు తగ్గిందా? చుక్కల మందు అయిపోతే ఖాళీ సీసా పంపు, అదే రకం కొని పంపుతాను. మీ మరదలు ఊరగాయ సీసా ఇవ్వబోయింది. లారీలో పగిలితే డ్రైవరు నన్ను తిడతాడని వద్దన్నాను. ఇప్పుడు ఆవిడ తిడుతోంది.

షెడ్డు నడుస్తోంది. నువ్వు వెళ్ళాక ఇంజను పనులు రావడం లేదు. సొట్టలు తీయడం, రంగు వెయ్యడం, ఇవే. నేల మీద ఆ మరక మాత్రం పోలేదు. కిరోసిన్ పోశాను, ఇసుక వేసి రుద్దాను. పదేళ్ళ నాటి నూనె మరకలు పోయాయి గాని నీ రక్తం పోలేదు. రోజూ దాన్ని దాటి లోపలికి వెళ్తాను. ఆ రోజు నేను రంగు డబ్బాలు కొనుక్కుని వచ్చేసరికి జాకీ పక్కన బోర్లా పడి ఉన్నావు. రెండు చెవుల్లోంచీ కారుతోంది. ఆ తుక్కుకొట్టువాడు నిన్ను కొట్టిన వీల్ స్పానరు పడేసి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు, పరుగెత్తను కూడా లేదు. ఆ స్పానరు నా దగ్గరే ఉంది. దానికి నీ వెంట్రుకలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

సరే, అసలు సంగతి. మన కారు ఎక్కుడులో లాగడం లేదు. రైలు కట్ట కింద దారి దాటాక పైకి ఎక్కుతుంది చూడు, అక్కడ రెండో గేరులో మూలుగుతోంది. కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ వేస్తే పికప్ వస్తుందంటున్నారు. కొట్లో మూడు రకాలున్నాయి. నాకు రేకు తెలుసు, ఇంజను తెలీదు. ఏది కొనాలో రాయి. త్వరగా రాయి.

నీ తమ్ముడు


మే 11

చిన్నోడికి,

జనరేటరు నిన్న పద్నాలుగు గంటలు తిరిగింది. ఒకసారి ఆగింది. డీజిల్ ఫిల్టరు మార్చాను, మళ్ళీ తిరిగింది. నేను కూడా అలాగే ఉన్నాను. కుడిచెవిలో హోరు ఉంది. ఎడమచెవిలో అదీ లేదు. ఇక్కడ క్రషరు చప్పుడుకి ఎవరికీ ఏమీ వినపడదు, అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

మరక మీద పల్చగా సిమెంటు పొయ్యి. స్పానరు పారెయ్.

ఇన్‌టేక్ గురించి అడిగావు. ఇంజను పెట్రోలుతో పాటు గాలి పీలుస్తుంది. చల్లగాలి చిక్కగా ఉంటుంది, వేడిగాలి పల్చగా ఉంటుంది. చిక్కటి గాలి వెళ్తే పెట్రోలు ఇంకాస్త బాగా మండుతుంది. ఇందులో అంతకు మించి మంత్రం లేదు. మన ఇంజనుకి ఏది వేసినా వచ్చేది కొంచెమే. చప్పుడు మాత్రం చాలా వస్తుంది. జనం చప్పుడు విని పికప్ అనుకుంటారు.

మొదటి రకంలో కంపెనీవాడిచ్చిన డబ్బా అలాగే ఉంచి లోపలి ఫిల్టరు మారుస్తారు. అది చాలు. రెండోది పొట్టి గొట్టం. ఫిల్టరు బానెట్ కిందే, ఇంజను పక్కన ఉంటుంది. అక్కడ గాలి వేడి. కాబట్టి దాని చుట్టూ రేకు డబ్బా కట్టి, హెడ్‌లైటు వెనక నుంచి బయటిగాలి తగిలేలా చెయ్యాలి. ఆ డబ్బా నువ్వే చేసుకోగలవు, నీకు రేకు పనే కదా. ఫిల్టరుకి నూనె ఎక్కువ పుయ్యకు. గాలిని కొలిచే సెన్సరు మీద పడితే పాడవుతుంది.

మూడోది పొడవు గొట్టం. కిందికి దిగి బంపరు వెనక, నేలకి జానెడు ఎత్తులో ఫిల్టరు పెడతారు. గాలి అన్నిటికన్నా చల్లగా దొరికేది అక్కడే. అది నీకు వద్దు. ఎందుకని అడక్కు. వద్దు.

ఆదివారం పూట బైపాసు మీద పందేలు వేసేవాళ్ళతో తిరుగుతున్నావా? నాకు అలాగే తోస్తోంది. ఆ ఇంజను కట్టడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ప్రతి నట్టూ నేనే బిగించాను. అది గుర్తు పెట్టుకో.

ఊరగాయ పంపు. సీసా చుట్టూ గోనెగుడ్డ చుడితే పగలదు.

అన్నయ్య


మే 20

అన్నయ్యకి,

ఊరగాయ అందిందనుకుంటాను. డ్రైవరు దారిలో మూత తీశాడో లేదో సీసా అంచు చూసి రాయి.

పొట్టి గొట్టమే కొన్నాను. డబ్బా నేనే చేశాను. రివెట్లు చూస్తే నువ్వు కూడా మెచ్చుకుంటావు. కొట్టువాడు పొడవుది అంటగట్టాలని చాలా చూశాడు. "బాబూ, మొగాడు కొనేది ఇదీ" అన్నాడు. మళ్ళీ తనే, "వానల్లో మాత్రం దీనికి వాల్వు పెట్టించుకోవాలి, లేకపోతే నీళ్ళు తాగి చస్తుంది" అన్నాడు. నువ్వు వద్దన్నది అందుకేనా? ఆ ఒక్క ముక్క రాయడానికి నీ పెన్నులో సిరా లేదా? చిన్నప్పటి నుంచీ ఇంతే నువ్వు. వద్దంటావు, ఎందుకో చెప్పవు. పందేలకి వెళ్ళడం లేదు, ఒట్టు.

ఇంకొకటి జరిగింది. ఎవరో చెప్పేలోపు నేనే చెబుతున్నాను. శుక్రవారం టీకొట్టు దగ్గర తుక్కువాడి పనివాడు నిలబడి ఉన్నాడు, గ్యాసు కటింగు చేస్తాడే పొడుగ్గా, వాడు. నన్ను చూసి పక్కవాడితో, "వీళ్ళన్నకి ఏదైనా చెప్పాలంటే రెండంటే రెండే దెబ్బలు చెప్పాలట, మూడోది వినపడదట" అన్నాడు. అందరూ నవ్వారు. టీ పోసేవాడు కూడా నవ్వాడు.

నా చేతిలో సొట్టలు తీసే సుత్తి ఉంది. భుజం మీద ఒక్కటి వేశాను. పెంకు చిట్లినట్టు చప్పుడైంది. వాడు కూర్చుండిపోయి చెయ్యి ఎత్తడానికి చూస్తున్నాడు, అది లేవడం లేదు. ఇంకొకటి వేసేవాణ్ణే, టీకొట్టువాడు నా నడుం పట్టుకుని లాగాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

నీకు కోపం వస్తుందని తెలుసు. నాకు మాత్రం ఆ రోజు అన్నం సహించింది. తొమ్మిది నెలల తర్వాత.

నీ తమ్ముడు


మే 28

చిన్నోడికి,

సీసాలో రెండు వేళ్ళ మందం తగ్గింది. డ్రైవరు మంచివాడే, ఉత్తరం మాత్రం విప్పలేదు.

సుత్తి రేకు కోసం. ఆ పనివాడికి పెళ్ళాం, తల్లి ఉన్నారు. కంటిజబ్బు ముసలామె ఒకతె అతనికి అన్నం తెచ్చేది, నేను చూశాను. భుజం ఎముక అతికేదాకా అతను గ్యాసు కటింగు చెయ్యలేడు. ఆస్పత్రికి ఎవరు తీసుకెళ్ళారో రాయలేదు నువ్వు. వెళ్ళి కనుక్కో.

అతను అన్న మాట అంత చెడ్డదేమీ కాదు. నిజానికి రెండో దెబ్బ కూడా నాకు వినపడలేదు.

ఇంకో మాట. తుక్కుకొట్టాయన్ని వాడూ వీడూ అని రాయకు. నీకన్నా పదేళ్ళు పెద్ద.

పందేలు కాకపోతే పికప్ ఎందుకు? బాడుగకి తిప్పుతున్నావా? తిప్పితే తిప్పు, తప్పు లేదు. నలుగుర్ని మించి ఎక్కించకు, క్లచ్చి పోతుంది.

అన్నయ్య


జూన్ 6

అన్నయ్యకి,

కళ్ళజోడు పెట్టుకుని కూర్చుని చదువు.

సోమవారం పొద్దున్న వాళ్ళు వచ్చారు. నలుగురు. తుక్కువాడు రాలేదు, మనుషుల్ని పంపాడు. ఇనపకడ్డీలతో షెడ్డు అద్దాలు, రంగు వేసి ఆరబెట్టిన రెండు కార్ల అద్దాలు, నీ టూల్ బల్ల అద్దాల తలుపులు అన్నీ పగలగొట్టారు. మీ మరదలు నాకు టిఫిను తెచ్చి లోపలికొస్తోంది. కిటికీ పగిలి ముక్క వచ్చి మోచేతి నుంచి మణికట్టు దాకా చీరేసింది. పదకొండు కుట్లు. టిఫిను డబ్బా మాత్రం వదల్లేదు మహాతల్లి. ఆస్పత్రిలో డాక్టరు ఆ వేళ్ళు విడదీసి తీశాడు. నా చేతికి ఒకడి జుట్టు దొరికింది. తలని కారు డోరుకేసి మూడుసార్లు కొట్టాను. డోరు సొట్టపోయింది, నేనే మళ్ళీ తీశాను.

ఇక దాచను. పికప్ పందేలకి కాదు, బాడుగకీ కాదు.

తుక్కువాడు రోజూ పొద్దున్న ఆరున్నరకి బైకు మీద రైలు కట్ట కింద దారిలోంచి కొట్టుకి వెళ్తాడు. పోయినేడు వాడి తమ్ముడి కారు అక్కడే ఆగిపోయి, దిగి తోస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది కదా. ఆ తర్వాత లారీలు దిగకుండా అడ్డంగా ఇనపదూలం పెట్టారు. ఇప్పుడు ఆ వేళకి అక్కడ పురుగు ఉండదు. రెండు పక్కలా గోడ. పైకి ఎక్కేటప్పుడు బైకు పక్కకి తప్పుకోవడానికి జానెడు చోటు లేదు. ఎక్కుడులో కారు వాణ్ణి అందుకుంటే చాలు. తమ్ముడు పోయిన చోటే అన్నా పోతాడు. జనం ఆ దారికే ఏదో ఉందనుకుంటారు.

మూడు రోజులు వెనకే వెళ్ళి చూశాను. నీ పొట్టి గొట్టంతో కూడా రెండు కార్ల దూరం తక్కువ పడుతోంది. ఇంకేం చెయ్యాలో చెప్పు. ఇంజను నీది, పోయిన చెవులూ నీవే.

వాడి కొట్లో దొంగ ఇంజన్ల సంగతి పోలీసులకి చెప్పావని కదా వాడు నిన్ను అలా చేసింది. నిజం చెప్పినవాడు కొండల్లో జనరేటరు కాచుకుంటూ, కొట్టినవాడు బైకు మీద ఈల వేసుకుంటూ. నాకు కుదరదు అన్నయ్యా.

తమ్ముడు


జూన్ 13

చిన్నోడికి,

మరదలి చెయ్యి ఎలా ఉందో ముందు రాయి. కుట్లు తీసేదాకా తడి తగలనివ్వద్దు.

నువ్వు అనుకున్నది చెయ్యద్దు. నా కోసమైతే అసలు వద్దు. ఆ గొడవలో నా తప్పు కూడా ఉంది. అతను ఊరికే రాలేదు. అంతకన్నా ఇప్పుడు రాయలేను.

కారు తాళంచెవి లారీ డ్రైవరుకిచ్చి పంపు. రెండోది బల్ల మూడో సొరుగులో ఉంటుంది, అదీ పంపు. కారు షెడ్డులోనే ఉండనీ.

నేను రాసిన మాట నువ్వు ఎప్పుడూ కాదనలేదు.

అన్నయ్య


జూన్ 20

అన్నయ్యకి,

తాళంచెవులు పంపడం లేదు. డ్రైవరు ఉత్త చేతులతో వస్తాడు, అతన్ని ఏమీ అనకు.

నీ తప్పు కూడా ఉందట. నాకు తెలుసు నువ్వు ఇదే రాస్తావని. నిన్ను గుడ్డలు ఉతికినట్టు కొట్టి వెళ్ళినవాణ్ణి 'అతను' అంటావు. వాడి పనివాడి తల్లి కంటిజబ్బు నీకు గుర్తుంటుంది. మీ మరదలు ఎడమచేత్తో జుట్టు ముడేసుకోలేక నన్ను పిలుస్తోంది, అది నీకు కనపడదు. దెబ్బలు తిన్నది నువ్వు, తల దించుకుని తిరుగుతున్నది నేను. చెవులతో పాటు ఇంకేమైనా కూడా పోయిందేమో చూసుకో.

ఈ మాట రాశాక కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

వానలు పడ్డాయి. కట్ట కింద అప్పుడే మోకాలి లోతు నీళ్ళు. వాడి బైకు గోడ వారనున్న గట్టు మీద నెమ్మదిగా పోతుంది. ఆ గట్టు మీదికి కారు ఎక్కదు. వాడు గట్టు దిగి ఎక్కుడు మొదలుపెట్టాకే దొరకాలి. మన కారు నీళ్ళలో బాగానే పోతోంది, చూసుకున్నాను. పైకి లాగడమే తక్కువ. నువ్వు చెప్పినా చెప్పకపోయినా నెలాఖరు దాటనివ్వను. ఇంజనుతో దొరక్కపోతే స్పానరు పట్టుకుని నడిచే వెళ్తాను, వాడి కొట్లోనే. వాళ్ళు పదిమంది, నేనొక్కణ్ణి. అప్పుడు నీకు ఉత్తరాలు రాసేవాడు ఉండడు.

తమ్ముడు


జూన్ 28

చిన్నోడికి,

నీ ఉత్తరం అందింది. చాలాసార్లు చదివాను.

సరే. పొట్టి గొట్టం తీసెయ్. కొట్లో చూసిన ఆ పొడవుది తీసుకో. మెత్తటి రబ్బరు జాయింటు రెండుచోట్లా క్లిప్పులు గట్టిగా బిగించు, గాలి కారకూడదు. ఎడమవైపు హెడ్‌లైటు కిందనుంచి దించి ఫిల్టరుని బంపరు వెనక అడుగున కట్టు. ఎంత కింద ఉంటే అంత చల్లగాలి. నువ్వు అడిగిన రెండు కార్ల దూరం దానితో వస్తుంది.

వాల్వు అక్కర్లేదు. కొట్టువాడు అమ్ముకోవడానికి చెప్పాడు. మోకాలి లోతుకి ఏమీ కాదు.

నాలుగు అద్దాలూ పూర్తిగా దించి నడుపు. గొట్టం పీల్చే చప్పుడు వింటే గేరు ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. బెల్టు పెట్టుకో. నీళ్ళలోకి దిగేటప్పుడే వేగం అందుకోవాలి, నీళ్ళు దాటాక కాదు. స్పానరు కారులో పెట్టకు.

ఇంతే.

అన్నయ్య


జూలై 5

అన్నయ్యకి,

నీ ఉత్తరం చదివి షెడ్డులో ఒక్కణ్ణే కూర్చుని ఏడ్చాను. నువ్వు మళ్ళీ నా అన్నవయ్యావు. పోయిన ఉత్తరంలో రాసిన మాటకి నా చెంప మీద నేనే కొట్టుకున్నాను, నువ్వు వచ్చాక ఇంకొకటి కొట్టు.

గొట్టం వేశాను. చప్పుడు చూడాలి, ఎద్దు రంకె వేసినట్టుంది. పై దారిలో నడిపి చూశాను, నిజంగానే తేడా ఉంది. వాల్వు వద్దంటే కొట్టువాడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. "మా అన్న చెప్పాడు" అన్నాను. నోరు మూశాడు. నీ పేరు ఇంకా పని చేస్తోంది ఈ బజార్లో.

పెద్దవాన పడితే వెళ్తాను. మళ్ళీ రాసేసరికి అయిపోయి ఉంటుంది.

తమ్ముడు


జూలై 16

అన్నయ్యకి,

కుడిచేత్తో రాయలేక ఎడమచేత్తో రాస్తున్నాను. వంకరగా ఉంటే సర్దుకో.

మంగళవారం రాత్రంతా వాన. పొద్దున్న ఆరున్నరకి వాడు వచ్చాడు, నేను పైన ఆగి ఉన్నాను. వాడి బైకు గట్టు ఎక్కింది. నువ్వు చెప్పినట్టే నాలుగు అద్దాలూ దించాను, బెల్టు పెట్టుకున్నాను. స్పానరు మాత్రం సీటు కింద పెట్టాను, అది ఒక్కటీ వినలేదు. రెండో గేరులో దిగాను. నీళ్ళు రెండు గోడలకీ లేచాయి. గొట్టం రంకె ఒక్కసారిగా గుటకల్లా మారింది. ఆ తర్వాత లోపలి నుంచి ఎవరో సమ్మెటతో ఒకే ఒక్క దెబ్బ కొట్టినట్టయింది. బెల్టు నన్ను పట్టి ఆపినా స్టీరింగుకి నుదురు తగిలింది. కారు ఆగిపోయింది. కాళ్ళ దగ్గర వేడినూనె, నీళ్ళు కలిసి వస్తున్నాయి. పిస్టన్ రాడ్డు విరిగి ఇంజను పక్క చీల్చుకుని బయటికొచ్చింది, తర్వాత చూశాను. నీ ఇంజను పోయింది అన్నయ్యా.

లేచిన నీళ్ళ దెబ్బకి వాడి బైకు గట్టు మీద నుంచి పడింది. వాడు లేచాడు. నా కళ్ళలోకి రక్తం కారుతోంది, సరిగా కనపడటం లేదు. వాడు పారిపోతాడనుకున్నాను. నా వైపే వస్తున్నాడు, నడుం వరకూ తడిసి, చేతులతో నీళ్ళు తోసుకుంటూ. "దిగు, దిగు, వెనక నుంచి ఏదో ఒకటి వస్తుంది, దిగరా నాయనా" అంటున్నాడు. నన్నెవరో చూడలేదు. చంకల కింద చేతులు వేసి కిటికీలోంచి లాగాడు. గట్టు మీద కూర్చోబెట్టి మొహం మీద నెత్తురు తుడిచాడు. తుడిచాక గుర్తుపట్టాడు.

వాడి మొదటి దెబ్బకి నా ముక్కు పగిలింది. రెండోది పళ్ళ మీద. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి స్పానరు అందుకున్నాను, వాడి మోకాలి మీద వేశాను. వాడు పడుతూనే నా చెయ్యి పట్టుకుని గట్టు అంచుకి వేసి కొట్టాడు, వేళ్ళు విడిపోయేదాకా. రెండు వేళ్ళు విరిగాయి. స్పానరు నీళ్ళలోకి పోయింది. ఇద్దరం నీళ్ళలో పడ్డాం. నా తల కింద పెట్టి నొక్కాడు. నోట్లో బురద. వాడి చెవి నా పళ్ళకి దొరికింది, వదల్లేదు. వాడు నన్ను జుట్టు పట్టి పైకి లేపాడు, పిడికిలి ఎత్తాడు. ఇంక అయిపోయిందనుకున్నాను.

ఆ పిడికిలి అలాగే ఆగింది. వాడు కారు ముందువైపు చూస్తున్నాడు. బంపరు ఊడి ఒకపక్కకి వేలాడుతోంది. దాని వెనక గొట్టం, చివర ఫిల్టరు, నీళ్ళు కారుతూ.

"ఇది కూడా మీ అన్నే పెట్టాడా" అన్నాడు.

"అన్న పెట్టమంటే నేను పెట్టాను" అన్నాను.

నా జుట్టు వదిలేశాడు. ఆ నీళ్ళలోనే కూర్చుండిపోయాడు. "నీకు కూడా చెప్పలేదన్నమాట" అన్నాడు. ఏడుస్తున్నాడో, దగ్గుతున్నాడో నాకు అర్థం కాలేదు. చెవి నుంచి రక్తం కారుతోంది, తుడుచుకోవడం లేదు. అన్నయ్యా, వాణ్ణి చంపడానికి అంతకన్నా తేలికైన సమయం నాకు ఎప్పుడూ దొరకదు. రాయి అందుబాటులో ఉంది. చెయ్యి లేవలేదు. విరిగిన చెయ్యి కాదు, రెండోది.

వాడే కుంటుకుంటూ వెళ్ళి కొట్టు బండి తెచ్చాడు. కారుకి తాడు కట్టి మన షెడ్డు ముందు దాకా లాగి వదిలాడు. వాడి తుక్కుకొట్టుకి తీసుకెళ్ళలేదు. వెళ్తూ, "మీ అన్నని అడుగు" అన్నాడు.

అడుగుతున్నాను. 'ఇది కూడా' అన్నాడు, ఎందుకన్నాడు? నీళ్ళు తాగుతుందని నీకు తెలియదంటే నేను నమ్మను. ఇంజన్ల సంగతి నీకు తెలియనిది లేదు. మరి నన్ను చంపాలనుకున్నావా?

తమ్ముడు


జూలై 24

చిన్నోడికి,

దీనితో పాటు ఒక కాగితం ఉంది. నా పనుల పుస్తకంలోది. ఆ పుస్తకంలో ఒక పేజీ చిరిగి ఉందని ఎప్పుడో అడిగావు, ఎలక కొట్టిందన్నాను. పోయినేడు ఆగస్టు నుంచి అది నా చొక్కాజేబులో ఉంది. మడతల దగ్గర అరిగింది, కాని చదవచ్చు.

'ఫిబ్రవరి 9. తుక్కుకొట్టాయన తమ్ముడు. తెల్లకారు. పొడవు గొట్టం, బంపరు వెనక. వానలకి ముందు తీసి పొట్టిది వెయ్యాలి. చెప్పాలి.'

చెప్పలేదు. ఆ అబ్బాయి ఏప్రిల్‌లో ఒకసారి, జూన్‌లో ఒకసారి షెడ్డు ముందు ఆగాడు. చప్పుడు వినమని ఇంజను రేజ్ చేసి నవ్వాడు. మొదటిసారి ఇంకెవరో ఉన్నారు. రెండోసారి నా చేతులకి గ్రీజు ఉంది, కడుక్కుని వెళ్ళేసరికి వెళ్ళిపోయాడు. రేపు చెబుదామనుకున్నాను. నేను మాట్లాడే మనిషిని కానని అందరూ అంటారు, నేను కూడా అదేదో గొప్పగుణం అనుకుంటూ వచ్చాను. జూలైలో అతని కారు కట్ట కింద నీళ్ళు తాగి ఆగింది. దిగి తోశాడు. తర్వాతది నీకు తెలుసు.

నీళ్ళు నలగవు. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్ళని పిస్టన్ నొక్కలేదు. రాడ్డు వంగుతుంది, లేదా విరుగుతుంది. నీకు ఈ ముక్క మేలోనే రాయాల్సింది. రాస్తే ఆ అబ్బాయి సంగతి కూడా రాయాల్సి వస్తుందని రాయలేదు.

పోలీసులు వదిలాక ఆ కారుని వాళ్ళన్నే తన కొట్లో విప్పాడు. తమ్ముడు చచ్చిన కారు ఇంకొకడు విప్పకూడదనుకున్నాడేమో. వంగిన రాడ్డు చూశాడు, గొట్టం చూశాడు. రాడ్డు చేతిలో పట్టుకునే వచ్చాడు. బల్ల మీద పెట్టి, "నీకు తెలుసా" అని అడిగాడు. తెలుసు అన్నాను. "వాడికి చెప్పావా" అన్నాడు. లేదు అన్నాను. అప్పుడు స్పానరు తీశాడు. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. దొంగ ఇంజన్ల మాట నేను అనలేదు, ఆస్పత్రిలో మంచం పక్కన నువ్వే కాగితం మీద రాసి అడిగావు. నేను కాదనలేదు.

నిన్ను చంపాలనుకోలేదు. నువ్వు అతన్ని చంపుతావు, లేకపోతే కొట్లో పదిమంది నిన్ను చంపుతారు. ఈ రెండే కనపడ్డాయి. నిజం రాద్దామని కూర్చుని నాలుగు కాగితాలు చింపాను. రాసినా నువ్వు నమ్మవు, అన్న మంచివాడు కాబట్టి తప్పు మీద వేసుకుంటున్నాడంటావు. ఇది సాకు అని నాకు తెలుసు. అసలు కారణం సిగ్గు. కాబట్టి నిన్ను మాటతో ఆపకుండా, ఇంజను ఆగేలా చూశాను. లారీలు ఆ దారిలోకి రావని నువ్వే రాశావు. మోకాలి లోతులో మనిషి మునగడు. అద్దాలు దించమన్నది చప్పుడు కోసం కాదు, బయటికి రావడానికి. అయినా జూలై 5 నుంచి నీ ఉత్తరం వచ్చేదాకా నేను పడుకున్నది తక్కువ. నీ ప్రాణాన్ని నేను మోకాలి లోతు అనే ఒక కొలతకి వదిలేశాను. అది తప్పే.

ఒకసారి చెప్పకపోతే ఒక మనిషి పోయాడు. ఇంకోసారి చెప్పకపోతే ఇద్దరు మిగిలారు. ఆ లెక్క సరిపోయిందని నేను అనుకోవడం లేదు, నువ్వు కూడా అనుకోకు.

ఇక్కడ పని మానేశాను. ఆదివారం లారీలో వస్తున్నాను. షెడ్డు దగ్గర కాదు, తుక్కుకొట్టు దగ్గర దిగుతాను. చెప్పాల్సింది కాగితంతో కాదు, అతనికి నోటితోనే చెప్పాలి, ఆ పనివాడికి కూడా. అతను మళ్ళీ కొడితే కొడతాడు. నువ్వు రావద్దు. మధ్యాహ్నానికి నేను ఇంటికి రాకపోతే అప్పుడు రా, ఉత్త చేతులతో రా.

ఇంజను విప్పద్దు. ఇద్దరం కలిసి విప్పుదాం. నీకు రెండు వేళ్ళు పనిచెయ్యవు, నాకు చెవులు పనిచెయ్యవు, కాబట్టి ఎదురుగా నిలబడి మాట్లాడు, పెదాలు చూస్తాను. నేను కూడా మాట్లాడతాను.

అన్నయ్య